తీగలాయన తెరిచిన కిటికీ

ఆయన ఉద్యోగానికి కాగితాల మీదున్న పేరు ఒక్క గుక్కలో చదవడం కష్టం. అందుకని ఆఫీసులో అందరూ ఆయన్ని తీగలాయన అనేవారు. దుకాణాల మీద పెట్టుకునే బోర్డులకి అనుమతులిచ్చే ఆఫీసు అది. బోర్డు ఎంత పొడుగుండాలి, అక్షరం ఎంత లావుండాలి, చీకటి పడ్డాక వెలగాలా వద్దా అన్న విషయాల మీద మూడంతస్తుల భవనం నిండా మనుషులు తలలు పట్టుకుని కూర్చునేవారు. ఆ ఆఫీసుకి మాత్రం బోర్డు లేదు. పెట్టుకుందామంటే అనుమతి ఇంకా రాలేదు.

ఆ మనుషుల బల్లల మీదున్న కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా చూడడం తీగలాయన పని. మొదట్లో భవనం మొత్తానికి ఒకటే నల్లటి లావుపాటి తీగ ఉండేది. బల్లల కింద నుంచి, బీరువాల వెనక నుంచి, ఒకరి చెప్పుల మీదుగా ఇంకొకరి టిఫిను డబ్బా పక్కనుంచి అది మెల్లగా పాకుతూ పోయేది. ఏ కంప్యూటరు ఏం చెప్పినా ఆ తీగకి తగులుకున్న అన్నిటికీ వినపడేది. తన పేరుతో వచ్చిన మాటని మాత్రం తీసుకుని, మిగతా వాటిని వినీ విననట్టు వదిలెయ్యడం వాటి పద్ధతి. నోరు తెరవబోయే ముందు ప్రతిదీ చెవొగ్గి వినేది. తీగ మీద ఇంకెవరి మాటా లేకపోతేనే మొదలుపెట్టేది. ఖర్మకాలి రెండు ఒకేసారి మొదలుపెడితే రెండు మాటలూ ఢీకొని ఎందుకూ పనికిరాకుండా పోయేవి. అప్పుడు రెండూ టక్కున ఆగిపోయి, ఎవరికి తోచినంతసేపు వాళ్లు ఊరుకుని, మళ్లీ ప్రయత్నించేవి. మళ్లీ ఢీకొంటే ఇంకా ఎక్కువసేపు ఊరుకునేవి.

ఇంత మర్యాద తీగలాయన మనుషుల్లో ఎక్కడా చూడలేదు. చూసి ముచ్చటపడి ఊరుకుంటే బాగుండేది. ఆ పద్ధతిని తనే ఒంటబట్టించుకున్నాడు. అక్కడే ఆయన కొంప మునిగింది.

ఎందుకంటే ఆయన ఇంట్లో సందు అనేది దొరికేది కాదు. ఆయన నోరు తెరవబోయేసరికి అన్నయ్య మొదలుపెట్టేవాడు. ఆయన ఆగేవాడు. అన్నయ్య ఆపగానే వదిన అందుకునేది. ఈసారి ఇంకాస్త ఎక్కువసేపు ఆగేవాడు. అలా ఆగీ ఆగీ, చెప్పాలనుకున్న మాట నోట్లోనే కరిగిపోయేది. పెళ్లి కుదిరిన రోజున "ఏమోయ్, అమ్మాయి నచ్చిందా?" అని పెద్దలు అడిగితే, చెప్పబోయాడు. అదే క్షణాన అన్నయ్యకి కూడా ఏదో చెప్పాలనిపించింది. ఈయన ఆగాడు. "నచ్చిందట," అని అన్నయ్య తేల్చేశాడు. అదృష్టం బాగుండి నిజంగానే నచ్చింది. "ఆ రోజు అసలు మీరేం చెప్పబోయారండీ?" అని ఆయన భార్య ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది. చెబుదామని ఆయన నోరు తెరిచేలోపు ఆమెకి ఇంకేదో గుర్తొస్తుంది.

నోట్లో నాలుక లేని మనిషి అని వీధిలో అందరూ జాలిపడేవారు. నాలుక ఉంది. దానికి దారి దొరకలేదు, అంతే.

ఇంటి మధ్యలో పెద్ద హాలు. గదులన్నీ ఆ హాల్లోకే తెరుచుకునేవి. వంటిల్లు, స్నానాల గది, మేడ మెట్లు మాత్రం వెనక వరండా వైపు ఉండేవి. హాలు నుంచి వెనక వరండాలోకి ఒక ఇరుకు నడవా. ఆ హాల్లో, నట్టనడుమ, పేము కుర్చీలో మేనత్త కూర్చునేది. అన్నదమ్ములు చిన్నపిల్లలుగా ఉండగా తల్లి పోతే, నాలుగు రోజులు చూసి పోదామని వచ్చిన మనిషి. ఆ నాలుగు రోజులు ఇంకా పూర్తికాలేదు. పెద్దవాణ్ణి పెద్దోడనీ, తీగలాయన్ని చిన్నోడనీ పిలిచేది. వయసు మీదపడి చూపు మసకబారాక మనుషుల్ని గొంతును బట్టే పోల్చుకునేది. చెవులు మాత్రం పాము చెవులు.

ఆ ఇంట్లో ఎవరికి ఏం కావాలన్నా ఎక్కడివాళ్లు అక్కడి నుంచే గొంతు చించుకునేవారు. "నా కళ్లజోడెక్కడ?" అని పడగ్గదిలోంచి అన్నయ్య, "పంపు కట్టండి!" అని వరండాలోంచి వదిన, "నాన్నా, నా దువ్వెన!" అని అన్నయ్య కూతురు. అన్నీ ఒకేసారి. కళ్లజోడు కట్టేసి దువ్వెన్ని వెతికినట్టుండేది వ్యవహారం.

ఇలా ఉండగా ఆఫీసులో ఆ నల్ల తీగని పీకేసి ఒక పెట్టె పెట్టారు. ఒక్కో కంప్యూటరు నుంచి ఒక్కో తీగ వచ్చి ఆ పెట్టె కన్నాల్లో దూరింది. ఆ పెట్టె చేసే పని చూసి తీగలాయనకి మతిపోయింది. ఏ కన్నంలోంచి ఎవరి మాట వినపడితే, వాళ్లు ఆ కన్నం అవతల ఉన్నారని అది గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత వాళ్లకి ఏదైనా మాట వస్తే సరిగ్గా ఆ కన్నంలోకే పంపిస్తుంది. మిగతావాళ్ల చెవిన వెయ్యదు. ఎవరికైతే పంపాలో వాళ్లెక్కడున్నారో తెలియకపోతే మాత్రం, వచ్చిన కన్నం ఒక్కటి వదిలేసి మిగతా అన్నిటిలోకీ పంపిస్తుంది, ఉన్నవాళ్లే అందుకుంటారని. కొద్ది నిమిషాలు ఎవరైనా ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే వాళ్లని మర్చిపోతుంది. మళ్లీ వాళ్లు నోరు విప్పితే మళ్లీ గుర్తుపెట్టుకుంటుంది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి హాల్లో మేనత్త తప్ప ఎవరూ లేరు. అలాంటి సందు ఆయన జీవితంలో మళ్లీ రాలేదు.

"అత్తా, నువ్వు అచ్చం మా ఆఫీసులో కొత్తగా వచ్చిన పెట్టెలా ఉన్నావు," అన్నాడు.

"పెట్టేంట్రా? కాళ్లూ చేతులూ ఉన్న మనిషిని పట్టుకుని!"

ఆయన మొత్తం చెప్పాడు. కన్నాల దగ్గర్నుంచి మర్చిపోవడం దాకా. మేనత్త కళ్లు మూసుకుని విన్నది. నిద్రపోయిందేమో అనుకున్నాడు. నిద్రపోలేదు, ఉద్యోగంలో చేరింది.

మర్నాడు పొద్దున్నే, "ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో ఎవరూ అరవడానికి వీల్లేదు. ఎవరికేం చెప్పాలన్నా నాకు మెల్లగా చెప్పండి. నేను చేరేస్తాను," అని ప్రకటించింది.

చేరేసింది కూడా. ఏ గుమ్మంలోంచి ఎవరి గొంతు వచ్చిందో మనసులో పెట్టుకుని, ఆ గుమ్మం వైపు మాత్రమే తల తిప్పి, పక్క గదికి వినపడకుండా మాట విసిరేది. ఇల్లు ఒక్కసారిగా ఆసుపత్రిలా నిశ్శబ్దమైపోయింది. వీధిలోవాళ్లు ఎవరికైనా ఒంట్లో బాగోలేదేమోనని పలకరించడానికొచ్చారు.

ఒకటే చిక్కు. మేనత్త నియమం తప్పేది కాదు. వదిన పడగ్గదిలోంచి మాట్లాడి, ఆ తర్వాత చప్పుడు చెయ్యకుండా మేడ మీదకి వెళ్లిందనుకోండి. ఆమెకొచ్చిన మాటలన్నీ ఖాళీ పడగ్గదికే చేరేవి.

"అత్తయ్యగారూ, నేను మీ ముందునుంచే కదా వెళ్లాను!" అనేది వదిన.

"వెళ్తే వెళ్లావు. నోరు విప్పావా? నువ్వు మేడ మీద మాట్లాడేదాకా నా దృష్టిలో నువ్వు పడగ్గదిలోనే ఉన్నట్టు."

దాంతో ఇంట్లోవాళ్లకి కొత్త అలవాటు పుట్టింది. ఏ గదిలోకి వెళ్లినా గుమ్మంలో ఆగి ఒక పొడి దగ్గు దగ్గేవారు. మేనత్త తల ఊపి, "పెట్టుకున్నాను," అనేది, గుర్తుపెట్టుకున్నానని. ఆ కుర్చీలో ఆమె ఒక కలెక్టరు దర్జాతో కూర్చునేది. చుట్టాలొచ్చినా లేచేది కాదు. కూరలు తరగడం మానేసింది. "పనిలో ఉన్నానమ్మా," అనేది. మనిషి పదేళ్లు చిన్నదైనట్టు కనపడేది.

తీగలాయన మాత్రం ఆ కుర్చీ ద్వారా ఒక్క మాట కూడా పంపలేదు. ఆమె పక్కనే ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, సందు దొరికితే చెబుదామని చూస్తూ ఉండేవాడు. ఆమె ఎప్పుడూ ఎవరి మాటో చేరవేస్తూనే ఉండేది. అడ్డుపడడం ఆయన పద్ధతి కాదు.

ఏళ్లు గడిచాయి. మేనత్త మర్చిపోవడం మొదలుపెట్టింది. మొదట్లో ఒకసారి గొంతు వింటే రోజంతా గుర్తుండేది. తర్వాత భోజనాల దాకా. ఆ తర్వాత మంచినీళ్లు తాగి గ్లాసు కింద పెట్టేలోపు ఎగిరిపోయేది. ఎవరు ఎక్కడున్నారో తెలియనప్పుడు ఆమెకి తెలిసిన నియమం ఒకటే, అన్ని గదుల్లోకీ కేక వెయ్యడం. ఒకరోజు అన్నయ్య ఆఫీసుకి బయల్దేరుతుంటే వదిన కుర్చీ దగ్గరికొచ్చి, "ఆయన పంట్లాం వెనకపక్క చిరిగింది, మార్చుకోమనండి," అని చెవిలో చెప్పింది. అన్నయ్య ఎక్కడున్నాడో మేనత్తకి గుర్తులేదు. పడగ్గదిలోకి, వంటింట్లోకి, మేడ మీదకి వినపడేలా కేకేసింది. వీధి తలుపు కూడా గుమ్మమే కదా అని, పని మీదున్న భక్తి కొద్దీ అటువైపు కూడా వేసింది. "మాకు చేరిందండీ!" అని పక్కింటాయన గోడ మీంచి జవాబిచ్చాడు.

అన్నయ్య ఒంటికాలి మీద లేచాడు. ఆయన లిఫ్టులు తనిఖీ చేసే ఆఫీసులో ఉద్యోగి. ఎక్కిందా, దిగిందా, తలుపు తెరుచుకుందా అన్నది తప్ప లోకంలో ఇంకో కొలమానం లేదు ఆయనకి. ఇంటివాళ్లందరితో ఈ సంగతి తేల్చుకోవాలనుకున్నాడు. మేనత్తకి తెలియకుండా మేడ మీద మాట్లాడాలనుకున్నాడు. మరి అందర్నీ మేడ మీదకి పిలవడం ఎలా? అలవాటు కొద్దీ కుర్చీ దగ్గరికి పోయి, "అత్తా, అందర్నీ మేడ మీదకి రమ్మను, నీకు తెలియక్కర్లేని విషయం ఒకటి మాట్లాడాలి," అన్నాడు.

మేనత్త ఆ మాటని ఒక్క అక్షరం పోకుండా అన్ని గదులకీ చేరేసింది.

మేడ మీద అన్నయ్య చెప్పింది ఇది. వచ్చే ఆదివారం తన ఆఫీసరూ ఆయన భార్యా భోజనానికి వస్తున్నారు. ఆ పూట సజావుగా గడిస్తే సరే. లేదంటే మేనత్త కుర్చీ వెనక గదిలోకి మారుతుంది. "పెద్దావిడ, విశ్రాంతి కావాలి కదా," అని ముగించాడు. వెనక గదికి కిటికీ లేదు. తిరగని ఫ్యాను, కుట్టని మిషను, ఎవరూ ఊగని ఉయ్యాల అన్నీ ఆ గదిలోనే విశ్రాంతి తీసుకుంటున్నాయి. తలుపేస్తే హాల్లో చెంబు పడ్డా అక్కడికి వినపడదు.

 తీగలాయన వద్దని చెప్పాలనుకున్నాడు. అప్పటికి వదిన మాట్లాడుతోంది. ఆగాడు. అంతలో అందరూ కిందికి దిగిపోయారు.

మాట్లాడలేనివాడు పని చేస్తాడు. ఈయన కూడా చేశాడు. మేనత్త మీద భారం ఎక్కువైందనీ, సగం పంచుకునే మనిషి ఉంటే నెగ్గుకొస్తుందనీ ఆలోచించాడు. ఆఫీసులో కూడా ఒక పెట్టె చాలకపోతే రెండోది తెచ్చి, రెండిటినీ ఒక తీగతో కలిపేవారు. ఆ రోజుల్లో వదిన తల్లి వచ్చి ఉంది. మేనత్తకి వియ్యపురాలు వరస, ఆమె కూడా గట్టి గొంతున్న మనిషే. తీగలాయన భార్య ఆమెని ఒప్పించింది. వెనక వరండాలో ఆమెకో కుర్చీ వేశారు. వంటిల్లు, స్నానాల గది, మేడ ఆమె కిందికొచ్చాయి. హాలూ గదులూ మేనత్త కింద. ఇటు మాట అటు వెళ్లాలంటే నడవాలోంచి.

రెండ్రోజులు దివ్యంగా నడిచింది. "వదినగారూ, మేడ మీద ఎవరికో ఫోనట!" అని మేనత్త. "చేరిందండీ వదినగారూ!" అని వియ్యపురాలు. అన్నయ్య కూడా కిమ్మనలేదు.

అక్కడితో ఆపి ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ శనివారం సాయంత్రం తీగలాయనకి ఒక అనుమానం పట్టుకుంది. రేపు చుట్టాల హడావుడిలో నడవాకి అడ్డంగా ఎవరైనా నిలబడితే? మాట ఆగిపోతే? దారి ఒక్కటే ఉండడం మంచిది కాదనిపించింది. హాలుకీ వెనక వరండాకీ మధ్య ఒక పాత కిటికీ ఉంది. ఎన్నో ఏళ్లుగా తెరవలేదు. ఆయన గడియకి నూనె పోసి, భుజంతో తోసి, దాన్ని తెరిచాడు. గాలి రివ్వున వచ్చింది. ఒక దారి మూసుకుపోయినా ఇంకోటి ఉంటుందని తృప్తిగా చేతులు దులుపుకున్నాడు. పొద్దస్తమానం తీగలతోనే బతికే మనిషే అయినా, రెండు పెట్టెల మధ్య రెండో తీగ పడితే ఆఫీసులో ఏం చేస్తారో ఆ క్షణాన ఆయనకి తట్టలేదు.

ఆదివారం ఆఫీసరుగారు వచ్చారు. లావుపాటి మనిషి, మాట తక్కువ. ఆయన భార్య మరీ మర్యాదస్తురాలు. ఆమెని సరిగ్గా ఆ కిటికీ ముందున్న సోఫాలో కూర్చోబెట్టారు. పెద్దవాళ్ల ముందు నోరు విప్పకూడదని అన్నయ్య తన కూతురికి గట్టిగా చెప్పాడు. ఆ పిల్ల పొద్దుటి నుంచి పెదవి విప్పలేదు.

"కొంచెం మంచినీళ్లు ఇస్తారా?" అంది ఆఫీసరుగారి భార్య.

"పిల్లని తెమ్మంటానమ్మా," అంది మేనత్త. పిల్ల ఎక్కడుందో ఆమెకి తెలియదు. గొంతు వింటే కదా! నియమం ప్రకారం అన్ని గదుల్లోకీ వేసింది. నడవాలోకి వేసింది. కిటికీలోకి కూడా వేసింది.

"పిల్లా! అమ్మగారికి మంచినీళ్లు!"

వెనక వరండాలో వియ్యపురాలికి నడవాలోంచి ఆ మాట వినపడింది. ఆమెకీ పిల్ల జాడ తెలియదు. వంటింట్లోకి, మేడ మీదకి, కిటికీలోకి వేసింది. అంతలో కిటికీలోంచి ఇంకో మాట వచ్చింది. దాన్ని వంటింట్లోకి, మేడ మీదకి, నడవాలోకి వేసింది. నడవాలోంచి వచ్చిన మాట మేనత్త చెవిన పడింది, ఎవరో కొత్తగా నీళ్లడిగారనుకుంది. అన్ని గదుల్లోకీ వేసి, కిటికీలోకి వేసింది. కిటికీలోంచి వచ్చిన మాట కూడా చెవిన పడింది. దాన్ని నడవాలోకి వేసింది. ఒక మాట నడవాలోంచి వెళ్లి కిటికీలోంచి వస్తుంటే, రెండోది కిటికీలోంచి వెళ్లి నడవాలోంచి వచ్చేది. రెండూ ఎదురెదురుగా ఇల్లంతా గిరగిరా తిరుగుతున్నాయి. చేరవలసిన మనిషికి చేరినా సరే, వాటికి ఆగడమన్నది లేదు.

పిల్ల బుద్ధిమంతురాలు. పిలిచినప్పుడల్లా గ్లాసుతో వచ్చింది. ఆఫీసరుగారి భార్య కూడా బుద్ధిమంతురాలే. ఇచ్చింది కాదనకుండా తాగింది. మొదటి గ్లాసు దాహానికి, రెండోది మొహమాటానికి, ఆ తర్వాతవి భయానికి. ఆమె ఇక తాగలేక భర్త వైపు చూస్తే ఆయన అందుకున్నాడు. గ్లాసులు అయిపోయాక పిల్ల గిన్నెల్లో తెచ్చింది. తర్వాత పూలు తీసేసి పూలకుండీలో తెచ్చింది. తీగలాయన భార్య వంటింట్లో బిందె దగ్గర నిలబడి ముంచి ఇస్తూనే ఉంది. పొయ్యి మీద కూర సంగతి చూసే మనిషి లేదు.

మాడు వాసన వదిన గదిలోకి వచ్చింది. "అత్తయ్యగారూ, పొయ్యి ఆపమనండి!" అని వదిన మొత్తుకుంది.

"నీకంటే ముందు చాలామంది నీళ్లడిగారమ్మా, వరసలో ఉండు!" అంది మేనత్త. గొంతు బొంగురుపోతోంది. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. అయినా ఆపడం లేదు. తన చెవిన పడ్డ మాట చేరవెయ్యకపోతే ఇంక ఆ కుర్చీలో ఎందుకని ఆమె పంతం. వియ్యపురాలికి కూడా వియ్యపురాలి ముందు ఓడిపోవడం ఇష్టంలేదు.

అన్నయ్య ముఖం జేవురించింది. ఆయన కుర్చీ వైపు చూశాడు. తర్వాత వెనక గది వైపు చూశాడు. ఆ చూపు తీగలాయన చూశాడు.

 జరిగిందేమిటో మాట రెండో చుట్టు తిరిగేసరికే ఆయనకి అర్థమైపోయింది. రెండు పెట్టెల మధ్య రెండు దారులుంటే ఒకటి మూసి ఉంచాలి. ఆఫీసులో పెట్టెలు సైతం తమలో తాము మాట్లాడుకుని ఆ పని చేస్తాయి. ఆ కిటికీ మూస్తే చాలు. కానీ కిటికీ ఆఫీసరుగారి భార్య వీపు వెనక ఉంది. ఆమెని పక్కకి జరగమనాలి. జరగమనాలంటే మాట్లాడాలి.

ఆయన నోరు తెరిచాడు. మేనత్త గొంతు వినపడింది. మూశాడు. ఆగాడు. మళ్లీ తెరిచాడు. నడవాలోంచి వియ్యపురాలి గొంతు. మూశాడు. ఈసారి ఇంకా ఎక్కువసేపు ఆగాలని ఆయన పద్ధతి చెబుతోంది. ఆగుతున్నాడు. ఆ ఆగడంలో పూలకుండీ ఖాళీ అయింది. మేనత్త చెయ్యి కుర్చీ అంచుని గట్టిగా పట్టుకుంది. చిన్నప్పుడు జ్వరంలో తన నుదుటి మీద ఉన్న చెయ్యి అది. ఈ మాట ఎప్పటికీ ఆగదు, తను ఎప్పటికీ చెప్పడు, కుర్చీ వెనక గదిలోకి పోతుంది, ఇదే జరగబోయేదని ఆయనకి స్పష్టంగా తెలిసిపోయింది.

"ఆపండి!" అని అరిచాడు.

మేనత్త మాట మీద పడి, వియ్యపురాలి మాట మీద పడి, అందరి మాటల మీదా పడి అరిచాడు. జీవితంలో మొదటిసారి. ఆ కేకకి అటూ ఇటూ తిరుగుతున్న మాటలు రెండూ ఎక్కడివక్కడ తెగిపోయాయి. పిల్ల చెంబుతో గుమ్మంలో నిలబడిపోయింది. "కొంచెం వంగండమ్మా," అంటూ ఆయన ఆఫీసరుగారి భార్య తల మీదుగా చెయ్యి చాపి కిటికీ రెక్కలు మూసి గడియ పెట్టాడు.

 ఆఫీసరుగారి కడుపులో నీళ్లు కదిలిన చప్పుడు వినపడింది.

"తప్పు అత్తది కాదు. కిటికీ తెరిచింది నేను," అన్నాడు తీగలాయన. ఒక వాక్యం కాదు, రెండు వాక్యాలు పూర్తిచేశాడు. ఎవరూ అడ్డురాలేదు.

మేనత్త తల ఇటు తిప్పింది. "ఎవరది? హాల్లో ఎవరో మాట్లాడుతున్నారు. కొత్త గొంతు. పెద్దోడా, మీ ఆఫీసరుగారా?"

"నేనే అత్తా."

"నేనంటే?"

 రోజూ ఆమె పక్కనే ముక్కాలిపీట మీద కూర్చున్న మనిషి. "చిన్నోణ్ణి అత్తా," అన్నాడు.

"చిన్నోడా!" ఆమె చెయ్యి గాలిలో తడుముకుంటూ వచ్చి ఆయన ముఖం మీద ఆగింది. "ఎక్కడికి పోయావురా ఇన్నాళ్లూ? నీ గొంతు విని ఎన్నేళ్లయిందిరా! ఎక్కడున్నావు?"

"ఇక్కడే ఉన్నానత్తా. నీ పక్కనే."

"ఉంటే మాట్లాడద్దా? మాట్లాడకపోతే నాకెలా తెలుస్తుందిరా?" అని, ముందుకు వంగింది. "నీకో మాట చెప్పాలని దాచి ఉంచాను. అందరి గదుల్లోకీ వేసే మాట కాదు. నువ్వెక్కడున్నావో తెలిస్తే నీకొక్కడికే చెబుదామని."

"చెప్పత్తా."

ఆమె గొంతు తగ్గించాననుకుంది. ఆ గొంతు అంతకంటే తగ్గదు, హాల్లో ఉన్న అందరికీ వినపడింది. "మేడ మీద మీరు అనుకున్నది నా చెవిన పడింది. నన్ను ఆ వెనక గదిలో వెయ్యనివ్వకురా. అక్కడికి ఎవరి గొంతూ రాదు. గొంతు వినపడకపోతే మీరంతా నాకు పోతార్రా. ఒక్కొక్కళ్లే పోతారు. నువ్వు ముందే పోయావనుకున్నాను."

 ఆఫీసరుగారి భార్య కొంగుతో కళ్లు తుడుచుకుంది. వదిన గుమ్మంలోకి వచ్చి, మాడిన కూర సంగతి మర్చిపోయి నిలబడింది. అన్నయ్య చేతిలో పూలకుండీ ఉంది. ఎవరో ఎప్పుడో చేతిలో పెట్టి వెళ్లారు. దాన్ని కింద పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"అత్తా, నేను పెద్దోణ్ణి. హాల్లోనే ఉన్నాను, సోఫా పక్కన."

మేనత్త తల ఊపింది. "పెట్టుకున్నాను."

"నేను పడగ్గది గుమ్మంలో ఉన్నానత్తయ్యగారూ," అంది వదిన. "నానమ్మా, నేను నడవా దగ్గర," అంది పిల్ల, తండ్రి పెట్టిన ఆంక్ష గాలికి వదిలేసి. వంటింట్లోంచి తీగలాయన భార్య, వరండాలోంచి వియ్యపురాలు తమ తమ చోట్లు చెప్పారు. ఆఫీసరుగారు ఇబ్బందిగా కదిలి, "అమ్మా, నేను ఆఫీసర్ని. వీధి తలుపుకి ఎడమ పక్కన. స్నానాల గదికి దారెటో కనుక్కుంటారా?" అన్నాడు. మేనత్త ఆ మాటని నడవాలోకి మాత్రమే, పక్కవాళ్లకి వినపడకుండా పంపింది. జవాబు నడవాలోంచే వచ్చింది. ఆయన పరుగులాంటి నడకతో వెళ్లాడు. కుర్చీ మార్చే ప్రసక్తి అన్నయ్య ఆ రోజూ తేలేదు, ఆ తర్వాతా తేలేదు.

కాసేపటికి మేనత్త మళ్లీ ఇటు తిరిగింది. "చిన్నోడా, ఉన్నావా?"

"ఉన్నానత్తా."

"ఊరికే ఉంటే చాలదురా. మాట్లాడుతూ ఉండు."

 అన్నేళ్లు నోట్లో కరిగిపోయిన మాటల్లో ఒక్కటీ ఆయనకి గుర్తురాలేదు. చివరికి, ఆఫీసులో మొదటి అంతస్తులో ఎడమవైపు మొదటి బల్ల కింద నుంచి తీగ ఎలా వెళ్తుందో చెప్పడం మొదలుపెట్టాడు. అక్కడి నుంచి బీరువా వెనక్కి, బీరువా వెనక నుంచి గుమస్తా చెప్పుల పక్కకి. మేనత్త కళ్లు మూసుకుని వింటోంది. చుట్టాల భోజనాలు ఆలస్యమవుతున్నాయని అందరికీ తెలుసు. ఆయన రెండో అంతస్తుకి వచ్చేదాకా ఎవరూ మధ్యలో మాట్లాడలేదు.